ఎర్రసిరాతో కొట్టేసిన పేరు

మల్లేశ్వరరావు మాస్టారికి మాటల పుట్టుపూర్వోత్తరాల పిచ్చి. యాభై ఆరులో తెనాలి నుంచి హైదరాబాదు వచ్చి, ఆబిడ్స్‌లో ఒక బడిలో ఇంగ్లీషు పంతులుగా కుదురుకున్నారు. పరీక్షకు పనికొచ్చే నాలుగు ముక్కలు చెప్పండి మహాప్రభో అని పిల్లలు మొత్తుకుంటున్నా, ఆయన ఒక్క మాట పట్టుకుని గంట కొట్టేదాకా వదిలేవారు కాదు.

"అబోడ్ అంటే ఇల్లు. కానీ పూర్వం ఇంగ్లీషువాళ్లు ఎదురుచూడడాన్ని అబోడ్ అనేవారు. ఎదురుచూసే చోటుకి ఆ పేరు తర్వాతెప్పుడో వచ్చింది. ఇంకా అడుక్కి తవ్వితే నమ్మకమనే అర్థం తగులుతుందంటారు" అని చెప్పి, తన మాటకు తానే మురిసిపోయేవారు. నోటికి వచ్చినంత మాత్రాన బుర్రకెక్కినట్టు కాదని ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అరవై ఒకటిలో జనాభా లెక్కలు రాసే పని పంతుళ్ల నెత్తిన పడింది. మాస్టారికి నాంపల్లి స్టేషను వెనక గల్లీ ఇచ్చారు. అక్కడ పోశవ్వ అనే ఆవిడని ఇంట్లో ఎవరెవరుంటారని అడిగితే, "నేను, నా కొడుకు బాలనర్సు" అంది. రెండు పేర్లూ రాశాక, మనిషి కనబడడేమని అడిగారు.

"బొంబాయి పోయిండు సారూ. నాలుగేండ్లాయె."

"ఉత్తరాలు రాస్తాడా?"

"రాయడు. గని సాయంత్రం రైలొచ్చినంక గడప దాకా వస్తడు. చెప్పుల సప్పుడు నాకు ఇనబడ్తది గద. జర ఉండనియ్యి సారూ."

లెక్కల గడువులోగా ఇల్లు చేరే మనిషి పేరే రాయాలని నియమం. నియమం దగ్గర మాస్టారు నిప్పులాంటి మనిషి. పరీక్ష పేపర్లు దిద్దే ఎర్రసిరా కలం జేబులోంచి తీసి, బాలనర్సు పేరు మీద అడ్డంగా గీత గీశారు. పోశవ్వ ఆ గీతవైపే చూస్తూ నిలబడింది.

మర్నాడు సాయంత్రం రైలు కూత వినిపించిన కాసేపటికి, మాస్టారి గుమ్మం ముందు చెప్పుల చప్పుడు వచ్చి ఆగింది. తలుపు తీస్తే ఎవరూ లేరు. భార్య కామాక్షి తనకేమీ వినపడలేదంది. ఆ మర్నాడూ అంతే. పదేళ్లపాటు అంతే. కామాక్షి పోరు పడలేక డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. మాస్టారికి భయం కన్నా సిగ్గు ఎక్కువ బాధించింది. క్లాసులో అబోడ్ అనే మాట వస్తే పేజీ తిప్పేసేవారు.

డెబ్భై ఒకటిలో మళ్లీ లెక్కలు వచ్చాయి. ఆయన అడిగి మరీ ఆ గల్లీయే వేయించుకున్నారు. పోశవ్వ బాగా ముసలిదైపోయింది. చెవులు దాదాపు పోయాయి.

మాస్టారు ఆమె చెవి దగ్గర వంగి, "ఈసారి మీ అబ్బాయి పేరు రాస్తాను" అని గట్టిగా చెప్పారు.

"ఇప్పుడేం రాస్తవ్ సారూ. నువ్వు గీత కొట్టిన సంది వాడు నా గడపకు రాలే. అప్పుడు నా చెవులు మంచిగనే ఉండె. ఎటు పోయిండో ఏమో."

మాస్టారు కాగితాలు పక్కన పెట్టారు. ఆమెకు వినపడేలా గట్టిగా చెప్పారు.

"మా ఇంటికి వస్తున్నాడు పోశవ్వా. రోజూ."

ఆమె నమ్మననలేదు, తిట్టనూ లేదు. కొంగు సర్దుకుని లేచి, "నడువు" అంది.

రిక్షాలో తీసుకొచ్చి అరుగు మీద కూచోబెట్టారు. కామాక్షి మంచినీళ్లిచ్చింది. రైలు కూసింది. మాస్టారు ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించారు. సైకిలు గంట, పిల్లల కేకలు, అంతే. పదేళ్లలో మొదటిసారి ఆ చప్పుడు రాలేదు. రెండోసారి కూడా ఆ తల్లికి కొడుకు లేకుండా చేశానని ఆయనకు అనిపించింది.

"నాకు ఇనబడదు సారూ. నువ్వే చెప్పు. వచ్చిండా?"

మాస్టారు ఆమె చెవి దగ్గర వంగారు.

"వచ్చాడమ్మా. నీ ముందే నిలబడ్డాడు."

పోశవ్వ గోడవైపు కాస్త జరిగి, పక్కన చోటిచ్చింది.