పాత డిస్‌ప్లేలతో ఆకాశం చూసిన ఏడాది

మా ఆయన పోయిన మరుసటి ఏడు నాకు పులివెందుల నుంచి జమ్మలమడుగు హైస్కూలుకు బదిలీ అయింది. ఫిజిక్సు చెబుతాను. మేడ మీద ఒంటి గది అద్దెకు తీసుకున్నాను. బడి వదిలాక మాట్లాడే మనిషి లేదు.

ఆదివారాలు ప్రొద్దుటూరు పోయి, ఒక సెల్‌ఫోన్ రిపేరు అంగట్లో పాడైన డిస్‌ప్లేలు అడిగేదాన్ని. వాటికి అతికి ఉండే పల్చటి పొర నాకు కావాలి. ఆకాశం నుంచి వచ్చే వెలుగు కొన్నిచోట్ల ఎక్కువగా ఒకే దిశలో కంపిస్తుంది. అక్కడ ఆ పొరను తిప్పుతూ చూస్తే నీలం ముదురుతుంది, మళ్లీ తేలిపోతుంది.

అంగడి సాయిబు వేడిగాలి పట్టి ఓపిగ్గా పొరలు ఒలిచి ఇచ్చేవాడు.

"ఆదివారం గూడా ఈన్నే కూచుంటాండారు. ఇంట్లో ఎవురూ లేరా మేడం?" అన్నాడొకరోజు.

"లేరప్పా."

టీ తెప్పించాడు.

పైపు ముక్కకు పొర బిగించి, అంచున కోణమానిని అతికించాను. మొదటి గొట్టం తయారైన సాయంత్రం మేడ మీద నిలబడి తిప్పితే నడినెత్తిన ఆకాశం నల్లబడింది. ఎవరికైనా చూపిద్దామని కిందికి దిగాను. ఇంటావిడ తలుపుకు గడియ పెట్టి ఉంది.

పిల్లల ముందు మొదటిరోజు నవ్వులపాలయ్యాను. తొందరలో మిట్టమధ్యాహ్నం పైకి చూడమన్నాను. "ఏం మారల్యా మేడం" అన్నారు. సూర్యుడికి లంబంగా ఉన్న ఆకాశాన్ని చూడాలి. మర్నాడు ఎండెక్కకముందే చూపిస్తే కేకలు పెట్టారు.

తర్వాత గండికోట జలాశయం గట్టుకు తీసుకుపోయాను. నీటి మీది తళుకును కూడా ఆ పొర ఆపుతుంది. కొండాపురం దగ్గర, ఈ జలాశయంలో మునిగిన ఊళ్లవాళ్ల పునరావాస కాలనీ నుంచి వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి, అందరూ పక్కకు పోయినా నీళ్లకేసే గొట్టం తిప్పుతోంది.

"ఏం కనపడుతోంది?" అన్నాను.

"గట్టుకాడి రాళ్లు మేడం. ఇంగ లోపలికి కనపల్యా. మా ఇల్లు ఆడనే ఉండాది."

పక్కన కూచున్నాను. వాళ్ల వాకిలి ఎటువైపు ఉండేదో, వంటింట్లోకి ఎండ ఎప్పుడొచ్చేదో చెప్పింది. తర్వాత నన్ను అడిగింది.

"మీ ఇల్లు యాడ మేడం?"

"పులివెందుల్లో. తాళమేసొచ్చాను. మళ్లీ తెరవలేదు."

"మీరు పోయి చూడొచ్చు గదా," అంది నీళ్ల మీద నుంచి చూపు తిప్పకుండానే.

ఆ ఆదివారం ప్రొద్దుటూరు పోలేదు. పులివెందుల బస్సెక్కాను. తాళం తుప్పు పట్టి తిరగకపోతే పక్కింటాయన సుత్తి తెచ్చి పగలగొట్టాడు. మా ఆయన చొక్కా ఇంకా మేకుకే ఉంది. కిటికీలన్నీ తెరిచి, సాయంత్రం దాకా ఊడుస్తూనే ఉన్నాను.