రికార్డు దాచిన గొంతు

మా ఊరి లైబ్రరీలో, ఇంటికి ఇవ్వని పుస్తకాల వరసలో, అమెరికా పల్లె సంగీతం మీద లావుపాటి పుస్తకం ఒకటి ఉంది. అందులో ఆమె గురించి నాలుగు వాక్యాలున్నాయి. ఎక్కడ పుట్టిందో, ఎలా పాడేదో, ఏ పాటతో పేరొచ్చిందో మొదటి మూడూ చెబుతాయి. నాలుగోది, గొంతు పోవడంతో పాట మానేసిందని. మొదటి మూడూ నిజం. నాలుగోది తప్పని తెలిసినవాళ్ళం ముగ్గురమో నలుగురమో మిగిలాం. అచ్చులో పడ్డ తప్పును అచ్చులోనే దిద్దాలి. అందుకే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. పేర్లు వద్దని ఆమే అంది.

డెబ్బైల చివర్లో మేము డాలస్‌కి ఉత్తరాన ఉండేవాళ్ళం. ఇప్పుడు మనవాళ్ళ ఇళ్ళతో నిండిన ఫ్రిస్కో దాటి ఇంకో గంట ప్రయాణం. నా చదువు పదో తరగతితో ఆగింది. మా ఆయన ఆఫీసుకి వెళ్తూ నన్ను లైబ్రరీ దగ్గర దింపేవారు. ఏం చదవాలో చెప్పేవాళ్ళు లేక, బీరువాల మీద అంకెల వరసనే చదువుకుంటూ పోయాను. వంటా, వైద్యమూ, రేడియోల రిపేరూ దాటి ఏడువందల ఎనభైకి, అంటే సంగీతానికి, చేరేసరికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళే నా కాలేజీ అని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను.

తిరిగొచ్చిన పుస్తకాలను అరల్లో సర్దే పని ఆమెది. నలభై దాటి ఉంటాయి. పొడుగ్గా, జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని ఉండేది. మెల్లగా మాట్లాడినా గొంతు ఖాళీ బిందెలోంచి వచ్చినట్టు మోగేది. ఒకరోజు ఆమె చేతిలో పరదేశం స్టాంపు ఉన్న కవరు కనబడి, మా ఆయన ఆల్బమ్ కోసం అడిగాను.

"స్టాంపే కాదు హనీ, ఉత్తరం కూడా తీసుకో. నాకు పనికిరాదు."

చదివాను. హాలండ్‌లో కొందరు కుర్రవాళ్ళు రాశారు. పాత రాకబిల్లీ పాటలంటే వాళ్ళకి ప్రాణమట. ఇరవై ఏళ్ళు దాటిన ఆమె రికార్డు తమ ఊళ్ళో చేతులు మారుతోందట. వేసవిలో వచ్చి, అచ్చం రికార్డులోలాగే పాడాలట.

"మీరు పాడేవారా?"

"ఒకప్పుడు. ఇప్పుడు పుస్తకాలు సర్దుతున్నాను. వీటికి గొంతు అక్కర్లేదు."

రాకబిల్లీ అంటే పల్లెపాటకి పరుగు నేర్పిన పాట. మనిషంత ఎత్తున్న బేస్ అనే తీగవాద్యాన్ని అరచేత్తో చరుస్తూ వాయిస్తారు. ఆమె పత్తిచేల మధ్య పెరిగింది. చర్చిలో పాడింది, పదిహేడేళ్ళకి శనివారం రేడియోలో పాడింది, పంతొమ్మిదో ఏట రికార్డు ఇచ్చింది. రికార్డు చేతికొచ్చాక విని, "ఇంత లేతగా పాడానా!" అని తనే ఆశ్చర్యపోయిందట. స్టూడియో మహిమ అన్నాడట కంపెనీ పెద్దమనిషి. తర్వాత కారు మీద బేస్ కట్టుకుని ఊరూరా తిరిగారు. జనానికి రికార్డులోలాగే కావాలి. అందుకని కొత్తగా చేరిన బాండువాళ్ళు గిటార్ తీగలు బిగించి రికార్డు శ్రుతికి కలిపేవారు. ఆమె అందుకోబోయేది. రెండేళ్ళలో గొంతు చీరుకుపోయింది. కోళ్ళ ఫ్యాక్టరీలో చేరింది, ఆ తర్వాత లైబ్రరీలో.

"ఆ పిల్లని మళ్ళీ పట్టుకోలేకపోయాను," అంది. అందులో బాధ కంటే సిగ్గు ఎక్కువ వినిపించింది. ఇరవై ఏళ్ళుగా ఇంట్లో కూడా పాడలేదట.

నేను ఊరుకోలేదు. మా దగ్గర గొంతు పోతే సాధన చేస్తారని, పొద్దున్నే శ్రుతి పెట్టుకుని మంద్రం పాడితే తిరిగొస్తుందని చెప్పాను. హాలండ్‌కి నెలాఖరులోగా జవాబు రాయాలి. అప్పటిదాకా ప్రయత్నిద్దామన్నాను. సరేనని రికార్డు చేతిలో పెట్టింది. ముందు దాని శ్రుతి తెలియాలిగా. ఇంట్లో రికార్డు పెట్టి, హార్మోనియం ముందు కూర్చున్నాను.

శ్రుతి దొరకలేదు. ఆరున్నర శ్రుతి మెట్టు నొక్కితే పాట పైన ఉంది. ఏడు నొక్కితే కింద ఉంది. రెండు మెట్లకీ మధ్య ఎక్కడో నిలబడింది.

"నీ పెట్టె పాడైంది," అన్నారు మా ఆయన. "ఆంటీ ఇండియా నుంచి లగేజ్‌లో వేసి తెచ్చారు కదా, రీడ్ లూజ్ అయ్యుంటుంది. ఫిక్స్ చేస్తానుండు."

"మీకొచ్చా?"

"ఇంజనీర్ని పట్టుకుని ఏం అడుగుతున్నావ్?"

మెట్టు కింద మోగే రీడు రేకు కొస అరగదీస్తే స్వరం పైకి పోతుందని నేనే రిపేరు పుస్తకంలో చదివి చెప్పాను. ఆయన ఆకురాయి తీసుకుని, రికార్డు వింటూ, ఆరున్నర మెట్టు రీడుని సరిగ్గా పాటకి కలిపేశారు. ఇద్దరం ఎంత మురిసిపోయామో! ఆ శ్రుతి పెట్టి ఆమె చేత వారం రోజులు పాడించాను. ప్రతిసారీ చరణం ఎక్కబోయి దగ్గు తెరతో ఆగిపోయేది. ఏడో రోజున పెట్టె మూసేసి, "చాలు హనీ. రానని రాసేస్తాను," అంది.

ఆ ఆదివారం భజనకి హార్మోనియం తీసుకెళ్ళాను. నాలుగు కుటుంబాలు కూడితే అదే మాకు పండగ. ఆ పెట్టెని ఇండియా నుంచి మోసుకొచ్చిన ఆంటీయే పాడుతున్నారు. రెండో చరణంలో చెయ్యెత్తి ఆపేశారు.

"ఏమ్మా, నీ పెట్టెకి జలుబు చేసిందా?"

"మా ఆయన బాగుచేశారండీ."

"బాగుచేసేదాకా బాగానే ఉందే! పోయిన నెల నేను పాడలేదూ? ఆ ఒక్క మెట్టూ పక్కవాటితో తగువు పడుతోంది. అబ్బాయ్, నువ్వు ఆఫీసులో కూడా ఇలాగే ఫిక్స్ చేస్తావా?"

గది గదంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పెట్టె మొదటినుంచీ సరిగ్గానే ఉంటే, తప్పింది పాట. ఇంటికొచ్చి ఇంకో అరడజను రికార్డులు పెట్టాను. ప్రతిదీ ఏదో ఒక మెట్టు మీద చక్కగా నిలబడింది. ఆమెది తప్ప.

మర్నాడు లైబ్రరీ తలుపులు తీసేసరికి గుమ్మంలో ఉన్నాను. రికార్డుల తయారీ మీద పుస్తకాలు సంగీతంలో కాదు, ఇంజనీరింగ్ వరసలో ఉంటాయి. మూడో పుస్తకంలో దొరికింది. ఆ రోజుల్లో కొన్ని కంపెనీలు పాటకి ఊపు రావాలని, గొంతు లేతగా వినబడాలని, పాడించుకున్న టేపుని అచ్చు వేసేటప్పుడు కాస్త వేగంగా తిప్పేవట.

లైబ్రరీ సామాన్ల గదిలో బడిపిల్లలకి డాన్సు నేర్పే రికార్డు ప్లేయరు ఉండేది. వేగం తగ్గించడానికి దానికో పుల్ల ఉంటుంది. ఆమెని పిలిచి, చదివింది చెప్పి, రికార్డు పెట్టి, పుల్లని కొంచెం కొంచెం కిందికి జరిపాను. పాట దిగుతూ వచ్చి ఆరు శ్రుతిలో కుదురుకుంది. గిటారూ గొంతూ ఒక్కసారిగా మనుషులవైపోయాయి. అరల మధ్య రోజూ నాతో మాట్లాడే గొంతే, కాస్త చిన్నదై, పాడుతోంది.

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. పాట అయ్యాక మళ్ళీ పెట్టమంది. మూడోసారి పెదవులు కదిలాయి. నాలుగోసారి బయటికే పాడింది, ఎక్కడా దగ్గలేదు. ఆపైన ఆ కంపెనీ పెద్దమనిషిని తిట్టిన తిట్లు ఏ వరస పుస్తకాల్లోనూ నాకు దొరకలేదు.

హాలండ్‌కి ఆమె చెబుతుంటే నేను రాశాను: రికార్డులోలా పాడను, నాలా పాడతాను, ఇష్టమైతే పిలవండి. జవాబు వచ్చేలోగా లైబ్రరీ హాల్లో ఒక శనివారం మధ్యాహ్నం పాడింది. యాభై మంది వచ్చారు. రికార్డులో వాయించిన బేస్ ఆయన పక్క ఊళ్ళో టైర్ల కొట్టు నడుపుతుంటే వెతికి పిలిచాం. రికార్డు అయిన వారానికే ఆయన మిలటరీకి వెళ్ళిపోయాడు. ఆ పాట మళ్ళీ విననేలేదట.

మొదటి చరణం కాగానే వెనక నుంచి ఎవరో అరిచారు. "ఇది రికార్డులోలా లేదే! నా దగ్గర రికార్డుంది!"

ఆమె ఆగిపోయింది. మెడ మీద నరం లేవడం చూశాను. పాత అలవాటుకొద్దీ పైకి ఎక్కబోతోందని భయమేసింది. బేస్ ఆయన చరవడం మానకుండానే పలికాడు.

"నువ్వు రికార్డు కొన్నావు నాయనా. నేను గదిలో ఉన్నాను. ఈవిడ ఇలాగే పాడింది."

జనం నవ్వారు. ఆమె రెండో చరణం అందుకుంది, ఆరులోనే.

ఆ వేసవిలో హాలండ్ వెళ్ళింది. తర్వాత ఎనిమిదేళ్ళు, ఏటా వేసవి సెలవు పెట్టి పాడి వచ్చేది.

ఇక సాయం చేసినవాళ్ళు. పేర్లు లేకపోయినా ఎవరి సంగతి వారికి తెలుస్తుంది. సామాన్ల గది తాళం అడగ్గానే ఇచ్చిన లైబ్రేరియన్ గారికి, ఆకురాయి పట్టిందీ కొత్త రీడు తెప్పించిందీ తానే అయిన మా ఆయనకి, నలుగురిలో తప్పు పట్టిన ఆంటీకి, తెలియని మనిషి మాట నమ్మి "అలాగే రండి" అని తిరిగి రాసిన హాలండ్ కుర్రవాళ్ళకి, గదిలో ఉన్నానని సాక్ష్యం పలికిన టైర్ల కొట్టు ఆయనకి నమస్కారాలు. ఇరవై ఏళ్ళు మూసుకున్న నోరు నా ముందు తెరిచినందుకు ఆమెకి కూడా.