ఆగి ఆగి పడే గీతలు

దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికున్న ఇంటి ఓనరు అంకుల్ దగ్గర ఒక పాతకాలం కంప్యూటరు ఉండేది. దాని ఫ్లాపీ డ్రైవు గరగరమని ఆగిపోయినప్పుడల్లా ఆయన దానిమీద అరచెయ్యి ఆనించి, “అలిగింది, జర ఆగుదాం” అనేవారు. యంత్రాన్నే అంటున్నారనుకునేదాన్ని.

ఒక ఆదివారం బాగుచేస్తానని కూర్చున్నాను. ఎల్బీనగర్ పాత సామాన్ల కొట్టులో దొరికిన ఫ్లాపీలు వేస్తే ఒక్కటీ చదవలేదు. ఆయన ఫ్లాపీ మాత్రం అప్పుడప్పుడూ చదివేది.

“లోపల ఫ్లాపీని చదివే, రాసే హెడ్డు పక్కకు జరిగిందండీ. స్క్రూ తిప్పి సరిచేస్తే అన్నీ చదువుతుంది.”

“నాది గూడనా?”

“మీది హెడ్డు జరిగాక రాసింది. అదొక్కటీ చదవకపోవచ్చు.”

ఆయన నా చేతిలోని స్క్రూడ్రైవరు మెల్లగా తీసి పక్కన పెట్టారు.

“గట్లనే ఉండనియ్యి. దీంట్ల మా బిడ్డ గీసిన ఇల్లున్నది. గీసిన యాడాదే జరమొచ్చి పోయింది.”

తెరమీద ఆ బొమ్మ పడ్డాక ఫోటో తీసిస్తానన్నాను.

“ఫోటోల ఇల్లు గీసుడు అయిపోయి ఉంటది గదమ్మా. దీంట్ల ఇంక గీస్తనే ఉంటది.”

ఫ్లాపీ వేశారు. ఆ పాప గీసిన వరసలోనే తెరమీద ఒక్కో గీతా పడసాగింది. గోడ, ఇంకో గోడ, పైకప్పు.

“ఇగ తలుపు పెడ్తది,” అన్నారాయన, తెరవైపు వంగి.

తలుపు పడలేదు. డ్రైవు గరగరమని ఆగిపోయింది. ఆయన దానిమీద అరచెయ్యి ఆనించారు.

“అలిగింది,” అన్నారు.

ఈసారి నేనూ ఆగాను.