మందిరంలో తలకిందులైన స్పీకరు

ఆ రోజుల్లో చేతిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా కాగితం ఉంది కదా అని, నాకు తెలియంది లోకంలో లేదనుకునేదాన్ని. (తెలియనివి బోలెడున్నాయని ఇప్పుడు తెలుసు. అయినా అప్పటి పొగరే బాగుండేది.) తెనాలిలో ఓ మైకుసెట్టు కొట్లో చేరాను. యజమానిని ఊరంతా బాబాయ్ అనేది, నేనూ అంతే. వేడి సీసంతో వైర్లు అతికే సోల్డరింగ్ బల్ల దగ్గర కూర్చోవాలని నా ఆశ. ఆడపిల్లవి, చేతులు కాల్చుకుంటావంటూ ఆయన నన్ను ఫోను దగ్గర కూర్చోబెట్టాడు.

ఆ కొట్లో పెట్టెల్లోని చిన్న స్పీకర్లు, అదే ట్వీటర్లు, వారానికొకటి కాలిపోయేవి. కాలవా మరి? డోలక్ మోత పెద్ద స్పీకరు మోయాల్సిన బరువు. అదంతా చిన్నదాని నెత్తిన పెడితే మాడిపోదూ? చిన్నదాని దారిలో ఓ కెపాసిటర్ పెడితే సన్నటి స్వరాల్ని పోనిచ్చి లావుపాటి మోతని ఆపేస్తుందనీ, పెద్దదాని దారిలో రాగితీగ చుట్ట పెడితే మోతని పోనిచ్చి సన్నటివాటిని ఆపుతుందనీ, పిండి జల్లించినట్టే అనీ చెప్పాను. దేవుడి పాటని ముక్కలు చేసి పంచుతావా అన్నాడు బాబాయ్. నేను మొండికేశాను. చివరికి రేపల్లె దగ్గర ఓ లూథరన్ మందిరంలో ఆదివారం ఆరాధనకి ఒక పెట్టె నాకు వదిలాడు.

"ట్వీటరు బతికితే బల్ల నీది. పోతే ఇంకెప్పుడూ ఆ మాటెత్తకు" అన్నాడు.

శనివారమే కొట్లో కెపాసిటరూ, రాగి చుట్టా అతికి, పెట్టెలో పైనుండే చిన్నదాని వైరుకి 'పైన' అనీ, కిందుండే పెద్దదాని వైరుకి 'కింద' అనీ చీటీలంటించాను. అయితే ఆ మందిరంలో జనం చాపల మీద కూర్చుంటారు. సన్నటి స్వరం వాళ్ల చెవుల ఎత్తులో ఉండాలని బాబాయ్ అక్కడ పెట్టెని తలకిందులుగా నిలబెడతాడట. ఫోను దగ్గర కూర్చునేదానికి ఆ సంగతేం తెలుసు? ముందువైపంతా గుడ్డ కప్పి ఉంది. నేను వెనకనుంచి చీటీల ప్రకారం బిగించేశాను. పాట మొదలైంది. డోలక్ టిక్కుటిక్కుమంటోంది, చిన్న స్పీకరు కిందనుంచి గరగరమంటోంది. పెట్టె తలకిందులుగా ఉందని అప్పుడర్థమైంది. బాబాయ్ నా వంక చూసి నవ్వాడు. ఒళ్లు మండిపోయింది నాకు. చాపలు దాటుకుంటూ వెళ్లి, పాట మధ్యలో ఆంప్లిఫయర్ ఆపేశాను.

"ఏంటమ్మా ఇది, ఆరాధన మధ్యలో?" అన్నారు పాస్టరుగారు.

"తప్పు నాదండి. లెక్క మాత్రం తప్పు కాదండి. రెండు నిమిషాలివ్వండి."

వైర్లు మార్చి స్విచ్ వేశాను. డోలక్ గుండెల్లో మోగింది, తాళాలు విడివిడిగా వినిపించాయి. ఆఖరి ప్రార్థన దాకా ట్వీటరు బతికే ఉంది. సోమవారం ఎవర్నీ అడక్కుండా వెళ్లి బల్ల దగ్గర కూర్చున్నాను. ఫోను మోగితే బాబాయే లేచి తీశాడు.

ఇప్పుడు బాపట్లలో ఓ కాలేజీలో పిల్లలకి ఇదే పాఠం చెబుతున్నాను. మొన్న మీటింగులో మా పెద్దసారు, ల్యాబులో అమ్మాయిలు రికార్డులు రాసుకుంటే చాలు, సోల్డరింగ్ అబ్బాయిలు చేస్తారన్నారు. నేను లేవబోయి, బస్సు టైమైందని ఊరుకున్నాను. ఇంటికొచ్చాక చాపలు దాటుకుంటూ పోయిన ఆ పొగరుపిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. సోమవారం మళ్లీ మీటింగుంది. బస్సు పోతే పోనీ, ఈసారి లేస్తాను.