వైఫై పనిచేయని రోజు

2009 ప్రాంతంలో నేను బనగానపల్లెలో కంప్యూటర్ టీచరుని. ఒక శెట్టిగారి ఇంట్లో కింది వాటాలో అద్దెకుంటూ, పైనున్న వాళ్ల వైఫైనే వాడుకునేదాన్ని.

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకోవడానికి అది ఆఖరి రోజు. కూలి పనులకు వెళ్లే మరియమ్మ తన కూతురు సునీతను వెంటబెట్టుకొని వచ్చింది. ఊళ్లో కరెంటు లేక నెట్ సెంటర్లు మూసేశారట. శెట్టిగారింట్లో ఇన్వర్టర్ ఉంది, వైఫై ఆగదు కదా అని ధైర్యంగా లాప్‌టాప్ తెరిచాను.

వైరస్ బాధ పడలేక ముందురోజే అందులో విండోస్ తీసేసి లినక్స్ వేశాను. తీరా చూస్తే అది వైఫైని గుర్తించడం లేదు. దానికి డ్రైవర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ కావాలి, ఆ డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి. తెలిసిన కమాండ్లన్నీ కొట్టి చూశాను. ఇన్వర్టర్ లైను కింది వాటాకు లేదు, లాప్‌టాప్ బ్యాటరీ తగ్గిపోతోంది. సునీత కళ్లలో నీళ్లు తిరిగాయి.

“పోనీలే టీచరమ్మా, నువ్వు మాత్రం ఏం జేస్తావు?” అంది మరియమ్మ. ఆ మాటకు నాకే ఏడుపొచ్చింది.

వైఫై ఇచ్చే మోడెంకు నేరుగా వైరుతో కలిపితే ఆ డ్రైవరుతో పనిలేదు. కానీ మోడెం ఉన్నది పైన, వాళ్ల పూజగది పక్కన. మొహమాటపడుతూనే వెళ్లి అడిగాను.

“దానికేముండాది, రాండి” అన్నారు శెట్టిగారి భార్య సుబ్బమ్మగారు.

మరియమ్మ మాత్రం మెట్ల దగ్గరే ఆగిపోయింది. అలాంటి ఇళ్ల గడప ఆమె ఎన్నడూ దాటలేదు. “నేనీడ్నే ఉంటాలేమ్మా” అంది.

సుబ్బమ్మగారు దిగివచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు. “బిడ్డ సదువు కోసరం వచ్చి ఈడ నిలబడుకుంటావా? లోపలికి రా.”

వైరు పెట్టగానే సైటు తెరుచుకుంది. సునీత కాలేజీలు ఎంచుకుంటుంటే మరియమ్మా సుబ్బమ్మగారూ ఒకే చాప మీద కూర్చుని తెర వైపే చూశారు.

సునీతకు కర్నూలులో సీటొచ్చింది. ఆ రోజు వైఫై పనిచేసి ఉంటే, మేం ముగ్గురం కింది గదిలోనే పని ముగించుకొని లేచేవాళ్లం.