కోటదిబ్బ దారి

మా ఇల్లు చెరుకుపల్లి అవతల, చేల మధ్య కోటదిబ్బ మీద ఉండేది. వెనకటికి ఎవరో దొర అక్కడ మేడ కట్టుకుని, దొంగల భయానికి చుట్టూ అగడ్త తవ్వించుకున్నాడట. దొరా పోయాడు, మేడా పోయింది. ఇటుక ముక్కలూ, కుండపెంకులూ, మేమూ మిగిలాం. ఎండాకాలం అగడ్తలో గేదెలు మేసేవి. వానాకాలం అది నిలువులోతు నిండేది. అప్పుడు బయటికి పోవాలంటే తూర్పున బండి పట్టేంత మట్టికట్ట ఒక్కటే దారి.

పాత దిబ్బల మన్ను చేలోకి తోలితే వరి బాగా పండుతుందని మా వైపు అందరికీ తెలుసు. పాటిమన్ను అంటారు. నాన్న ఏటా వేసవిలో దిబ్బ అంచులు గీకి బండికెత్తేవాడు. నేను డిగ్రీ పూర్తి చేసిన ఏడు పురావస్తు శాఖ నుంచి ఒకాయన వచ్చి, అంతా తిరిగి చూసి, ఆ కట్ట దొర కాలం నాటిదేననీ, దాన్ని మాత్రం ముట్టుకోవద్దనీ మర్యాదగానే చెప్పాడు. నాన్న అలాగేనండి అని మజ్జిగిచ్చి పంపాడు. అంత విలువైందని తెలిశాక ఆయనకి నిద్ర పట్టలేదు.

"గవర్నమెంటోళ్లు పట్టుకుపోయేలోపు మనమే తోలేసుకుందాం" అన్నాడు.

కట్ట మొత్తం చేలోకి పోయింది. వానల్లోపు వేరే మట్టి తెచ్చి పోస్తానన్నాడు. వానలే ముందొచ్చాయి.

బాపట్లలో నాకు టీచరు ట్రైనింగు సీటొచ్చింది. గురువారం వెళ్లి చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆదివారం చర్చికి కూడా కదల్లేకపోయాం. అమ్మ ఇంట్లోనే మోకరించి నా కోసం ప్రార్థన చేసింది. వాన తగ్గింది, నీళ్లు తగ్గలేదు. దోనె కోసం కబురు చేశానన్నాడు నాన్న. చేశాడో లేదో. తను మాత్రం పంచె తలకి చుట్టుకుని రోజూ ఈదుకుంటూ చేలోకి పోయి వచ్చేవాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

బుధవారం సాయంత్రం ఇక ఉండబట్టలేక అడిగేశాను. "నువ్వెళ్తన్నావుగా నాన్నా. నన్నూ దాటించు."

"నేనెట్టాగో ఈదతాను. నీకెట్టా కుదురుద్ది? నీళ్లల్లో పాములున్నయ్యి. వచ్చే ఏడు వెళ్దువుగానిలే."

ఆయన గొంతులో బాధ లేదు. హమ్మయ్య అన్నట్టుంది. నన్ను ఊరు దాటించడం ఆయనకి మొదట్నుంచీ ఇష్టం లేదని అప్పుడర్థమైంది. నీళ్లు దిగినా ఇక్కణ్ణించి కదల్లేనని భయం పట్టుకుంది.

గురువారం చీర కట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. చేల అవతల రేపల్లె బస్సులు పోతూ కనిపించాయి. చీకటి పడ్డాక అమ్మ వచ్చి సంచి లోపల పెట్టింది.

ఆ ఏడు కట్ట మన్ను తోలిన చేలో వరి విరగపండింది. కొత్త బియ్యం వండి అమ్మ ముందు నాకే వడ్డించింది. తిననని మొండికేద్దామనుకున్నాను. కానీ ఆకలి వేసింది. మారు కూడా పెట్టించుకున్నాను.

"ఎట్టా ఉంది అమ్మాయ్?" అని నాన్న మురిపెంగా అడిగాడు.

బాగుందని చెప్పాను. నిజంగానే బాగుంది. అందుకే ఏడుపొచ్చింది.