పొగమంచు మలుపులో ఫిరోజ్

2023 చలికాలం. సౌదీలోని అభా కొండల్లో మౌంటెన్ బైక్ రేసర్లకు కోచ్‌గా చేరి నాకది మూడో ఏడు. అంతకుముందు పదేళ్లు రోడ్డు రేసుల్లో జీతానికి సైకిల్ తొక్కాను. మాది వరంగల్. మోకాలు మొరాయించాక రేసులు మానేసి ఇటు వచ్చాను.

రోడ్డు రేసుకూ కొండ రేసుకూ పోలికే లేదు. రోడ్డు మీద ముందువాడి వెనక చక్రానికి అంటుకుని పోతే సగం కష్టం తీరుతుంది, ఎదురుగాలి వాడే భరిస్తాడు. కొండ మీద రాళ్లు, వేళ్లు, జారుడు మట్టి. ఎవడి తిప్పలు వాడివి. అందుకే వీళ్లకు ‘ట్రాక్ వాక్’ అని ఒక అలవాటు. రేసు ముందురోజు సైకిల్ పక్కన పెట్టి దారంతా కాలినడకన చూసుకుంటారు. మేమైతే దర్జాగా కార్లో కూర్చుని చూసొచ్చేవాళ్లం. రేసు ముందు కాళ్లు అరగదీసుకునే ఈ పద్ధతి నాకు ఒక పట్టాన మింగుడుపడలేదు.

నా శిష్యుల్లో ఫిరోజ్ అనే ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ఉండేవాడు. తండ్రి మస్తాన్ గారు కడప నుంచి వచ్చి అభాలో స్కూలు బస్సు నడుపుతున్నారు. ఫిరోజ్ ఇక్కడే పుట్టాడు, కడపను సెలవుల్లో చూడటమే. ఇరవై అయిదు నిండితే తండ్రి ఇకామా మీద, అంటే ఆయన నివాస అనుమతి మీద, కొడుకు ఉండటానికి వీల్లేదు. సొంతంగా ఒక కఫీల్, అంటే పూచీపడే యజమాని, దొరికి ఉద్యోగం ఇవ్వాలి. లేదంటే ఎగ్జిట్ కొట్టించుకుని దేశం వదిలి వెళ్లిపోవడమే. ఆ ఏడాది మా క్లబ్ మేనేజర్ అబూ సాలెం ఒక మాట ఇచ్చారు. ఈ రేసులో మొదటి ముగ్గురూ ఏ దేశంవాళ్లయినా సరే, క్లబ్బే కఫీల్‌గా ఉండి వాళ్లను రేసర్లుగా ఉద్యోగంలో పెట్టుకుంటుంది.

రేసు ముందురోజు మస్తాన్ గారు నా దగ్గరికి వచ్చారు.

“సార్, మావాడు పుట్టి పెరిగిందంతా ఈడనే. ఈ రేసు పోతే వాణ్ని యాడికి పంపాల?”

“పరేషాన్ గాకు భాయ్. మనోడు మంచిగ తొక్కుతుండు” అన్నాను. లోపల నాకూ గుబులుగానే ఉంది.

ఆ సాయంత్రం ఫిరోజ్‌తో పాటు నేనూ ట్రాక్ వాక్‌కు వెళ్లాను. దిగుడులో ఒకచోట దారి ఉన్నట్టుండి కుడికి తిరుగుతుంది. ఎడమవైపు అరార్ చెట్టు, ఎదురుగా పాత పొలం గట్టు, దాని కింద రెండు నిలువుల లోతు. తిన్నగా పోకుండా అడ్డంగా టేపు కట్టారు. ఫిరోజ్ అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

“సార్, ఈ టేపు లేకుంటే నేరుగానే దారి ఉండాదనుకుంటారు.”

“టేపు ఏడికి పోతదిరా?”

“కోతులుండాయి గదా సార్.”

నాకు నవ్వొచ్చింది. అభా కోతులు చేతిలో రొట్టె లాక్కుపోవడం చూశాను గానీ, ప్లాస్టిక్ టేపుతో వాటికేం పని? ఫిరోజ్ నవ్వలేదు. ఆ మలుపులో పైకీ కిందికీ మళ్లీ మళ్లీ నడిచాడు. “రేపటికి కాళ్లు దాచుకో నాయనా” అని నేను విసుక్కుంటుంటే కూడా వినలేదు.

మర్నాడు ఆఖరి ల్యాపు మొదలయ్యేసరికి లోయలోంచి పొగమంచు పైకి కమ్ముకొచ్చింది. నేను ఆ దిగుడు కింద ఫీడ్ జోన్‌లో, అంటే రేసర్లకు నీళ్ల సీసాలు అందించే చోట, నిలబడ్డాను. ఫిరోజ్ రెండో స్థానంలో కొండ దాటాడని పైనుంచి కబురొచ్చింది. ఇక దిగడమే తరువాయి అని సీసా పట్టుకుని ఎదురుచూస్తున్నాను. ఎవరూ రాలేదు. పైనుంచి ఒక కేక మాత్రం వినపడింది. “యమీన్! యమీన్!” అరబ్బీలో కుడివైపు అని. దారి చూపే మార్షల్ అనుకున్నాను. మళ్లీ వినపడింది. అది ఫిరోజ్ గొంతు.

నా ఒళ్లు మండిపోయింది. “ఏం చేస్తున్నవ్ రా ఆడ? దిగు!” అని గొంతు చించుకున్నాను. మళ్లీ అదే కేక. ఇంతలో మంచులోంచి ఒకడు బయటపడ్డాడు. వెనకే ఇంకొకడు, ఆ వెనక మరొకడు. ఫిరోజ్ బతుకు నా కళ్ల ముందే దాటిపోతోంది, నేను సీసా పట్టుకుని గంతులేస్తున్నాను. నాలుగో కుర్రాడు నా పక్కన ఆగాడు. ముఖం పాలిపోయి ఉంది.

“అక్కడ టేపు లేదు, కోచ్. అందరికన్నా ముందున్నవాడు గట్టు మీంచి పడిపోయాడు. మార్షల్ అతని దగ్గరికి దిగాడు. మీవాడు మలుపులో నిలబడి అరుస్తున్నాడు. ఆ గొంతే వినపడకపోతే నేనూ పడేవాణ్ణే” అన్నాడు ఇంగ్లీషులో.

అరవడం ఆపేశాను. చెవులు రిక్కించి విన్నాను. ముందు ఎక్కడో పైన చైను గలగల. వెంటనే “షువయ్యా, షువయ్యా”, మెల్లగా, మెల్లగా అని ఫిరోజ్ గొంతు. ఒక్క క్షణం నిశ్శబ్దం. అప్పుడు “యమీన్!” వెంటనే బ్రేకుల కీచు, టైర్లు కుడికి తిరిగిన చప్పుడు. తొందరపడి అరిస్తే రాళ్లకు కొట్టుకుంటారు, ఆలస్యమైతే గట్టు దాటిపోతారు. మనిషి కనపడడు, చప్పుడే ఆధారం. ఒక్కొక్కడి వేగానికి తగ్గట్టు ఒక్కొక్కడికి ఒక్కోలా చెబుతున్నాడు. ఇన్నేళ్లు సైకిళ్ల మధ్యే బతికాను, అలాంటిది ఎన్నడూ వినలేదు.

మార్షల్ తిరిగొచ్చాకే ఫిరోజ్ దిగాడు. గొంతు బొంగురుపోయింది.

“నీ ఇకామా సంగతి యాదికుందారా?” అన్నాను.

“ఉండాది సార్. నాకు మలుపు తెలుసు, వాళ్లకు తెల్దు. తెలిసి ఎట్ల పోవాల? నీళ్లియ్యండి.”

సీసా ఇస్తుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు. తాగి, మిగిలిన దారి తొక్కుకుంటూ వెళ్లాడు. చివరినుంచి రెండోవాడిగా చేరాడు. పడినవాడికి భుజం ఎముక విరిగింది గానీ ప్రాణానికి ముప్పు తప్పింది. టేపు పీలికలై అరార్ చెట్టు కొమ్మల్లో దొరికింది.

వారం తర్వాత అబూ సాలెం పిలిచారు. “మొదటి ముగ్గురికీ ఉద్యోగాలిచ్చాను. రేసరుగా ఇంకొకణ్ని తీసుకోలేను, మాట మాటే” అన్నారు. నేను లేవబోయాను. “కూర్చో. ఆ ముగ్గురూ నా దగ్గరికి వచ్చారు. ఆ రోజు తమకు కోచ్ ఫిరోజే అంటున్నారు. సహాయకుడు కావాలని ఎప్పట్నుంచో నా ప్రాణం తీస్తున్నావుగా, అతను పనికొస్తాడా?”

పనికొస్తాడా! గట్టిగా తల ఊపాను.

ఇప్పుడు ఫిరోజ్ ఇకామాలో వృత్తి దగ్గర ముదర్రిబ్, అంటే శిక్షకుడు, అని ఉంటుంది. రేసులూ తొక్కుతున్నాడు. కొత్త పిల్లలకు ట్రాక్ వాక్ అతనే చేయిస్తాడు, వెనక నేనూ నడుస్తాను. నేను రేసులు మానేశాక కోచ్‌నయ్యాను. ఫిరోజ్ మాత్రం గెలవాల్సిన రేసు మధ్యలో, అందరూ తనను దాటి వెళ్తుంటే, నిలబడి కోచ్ అయ్యాడు.